కొంగను విసిరే వదిన

ఆదివారం పొద్దున ఊరి చివరి ఖాళీ మైదానానికి వెళ్తే, రిమోటుతో విమానాలు ఎగరేసే పెద్దమనుషులు కనిపిస్తారు. వాటిని బొమ్మ విమానాలని మాత్రం వాళ్ళ ముందు అనకండి, కొట్టినంత పని చేస్తారు. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ఎగరేసేవాడి వైపే చూస్తారు. వాడి చేతిలో రిమోటు ఉంది కాబట్టి ఘనతంతా వాడిదే అనుకుంటారు. అంత పొడుగు రెక్కల గ్లైడరుకు చక్రాలు లేవే, మరి నేల మీంచి ఎలా లేచింది అని ఒక్కరికీ అనుమానం రాదు. ఎవరో ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని, నాలుగడుగులు పరిగెత్తి, గాల్లోకి విసిరారు. ఆ విసిరినవాళ్ళ ముఖం ఎవరికి గుర్తుంటుంది? వండినవాళ్ళను వదిలేసి వడ్డించినవాళ్ళను మెచ్చుకునే లోకం ఇది.

ఇది అలా విసిరిన మనిషి కథ.

ఆమెను మైదానంలో అందరూ వదిన అంటారు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మేస్త్రి, ఆయన్ను మేస్త్రి అనే పిలుస్తారు. ఒక్కరూ అన్న అనరు. మొగుడు అన్న కానప్పుడు పెళ్ళాం వదిన ఎలా అయిందని ఎవరో అడిగితే, "వరసలు మనుషులని బట్టి కలుస్తాయండీ, మొగుణ్ణి బట్టి కాదు" అంది ఆవిడ. అడిగినవాడు కూడా ఆ రోజు నుంచి వదినా అనే పిలిచాడు.

ఆమెది కర్టెన్లు కుట్టే కొట్టు. ఇంటి కింది గదే కొట్టు. గోడ పొడుగునా గుడ్డ చుట్టలు, మధ్యలో మంచమంత బల్ల, కిటికీ పక్కన మిషను, దాని పక్కన ఎప్పుడూ వేడిగా ఉండే ఇస్త్రీపెట్టె. కుట్టడంతో పని అయిపోదు. కుట్టించుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, నిచ్చెనెక్కి, చేతులు రెండూ పైకెత్తి, బరువైన కర్టెన్లను ఒక్కో కొక్కేనికీ తగిలించాలి. మనిషి పొడగరి. మేస్త్రి కంటే జానెడు ఎత్తు. పెళ్ళిచూపుల్లో కూర్చునే ఉన్నారు కాబట్టి ఆయనకు ఆ సంగతి తర్వాత తెలిసిందని ఆవిడ అందరికీ చెప్పి నవ్విస్తుంది. మేస్త్రి కాదనడు. ఆయన దేనికీ ఎక్కువగా మాట్లాడడు. రోజంతా లిఫ్టు గొయ్యిలో ఒక్కడే పనిచేసే మనిషికి మాటలు ఎక్కడ అలవాటవుతాయి?

గ్లైడరు పిచ్చి మాత్రం ఆయనదే. పెళ్ళైన కొత్తలో భోజనాల బల్ల మీద దూదంత తేలికైన బాల్సా చెక్క ముక్కలు పరిచి, నెలల తరబడి కోసి, గీకి, అతికించి దాన్ని చేశాడు. అన్నాళ్ళూ వాళ్ళు నేల మీద కూర్చుని తిన్నారు. రెక్కలకు, వేడి తగిలితే అతుక్కునే తెల్లటి ఫిల్ము తొడగాల్సి వచ్చినప్పుడు ఆయన చేతిలో అది ముడతలు పడింది. పక్కకు జరగండి అని ఇస్త్రీపెట్టె పట్టుకుంది ఆవిడ. ఒక్క ముడత లేకుండా రెక్కలూ, తోకా తొడిగేసింది. పొడుగు మెడ, తెల్ల రెక్కలు, సన్నటి తోక చూసి కొంగ అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

మోటారుతో పైకి చేరాక దాన్ని ఆపి, రెక్కల మీద తేలించడమే గ్లైడరు ఆట. కొంగ ముక్కులో పాత రకం మోటారు, లోపల కార్బన్ బ్రష్‌లు రుద్దుకుంటూ తిరిగేది. దాని వెనక ఇటుకలాంటి బ్యాటరీ. ముందు భాగం అంత బరువైతే తోక లేస్తుంది కదా, ముక్కు నేల చూపు చూస్తుంది. మేస్త్రి రెండో ఆలోచన లేకుండా తోకలో సీసం ముక్క పెట్టాడు. ఆయన వృత్తే అది. లిఫ్టు గది ఒకవైపు, దాన్ని తూచే ఇనప దిమ్మలు ఇంకోవైపు. ఒకవైపు బరువుంటే రెండోవైపు బరువు పెట్టు, అంతే. ఆ సీసం మీద ఫిల్ము అతికించి ఇస్త్రీ చేసింది కూడా వదినే.

ఇక విసరడం గురించి చెప్పాలి. రాయి విసిరినట్టు విసిరితే సరిపోతుందనుకునే మహానుభావులు ఉన్నారు. వాళ్ళను ఒకసారి విసరమనాలి. రెక్క కింద పొట్ట దగ్గర పట్టుకోవాలి. గాలికి ఎదురుగా పరిగెత్తాలి. ముక్కు ఎత్తకూడదు, దించకూడదు. ఈటెను వదిలినట్టు వదలాలి గాని చివర్లో మణికట్టు కుదపకూడదు. కొంగ పాత మోటారుకు దమ్ము తక్కువ, విసిరిన ఊపుతోనే మొదటి గుక్క పీల్చుకునేది. ఆ ఊపు చాలకపోతే గడ్డిలో ముక్కు పొడుచుకునేది. కొక్కేలకు కర్టెన్లు ఎత్తి ఎత్తి రాటుదేలిన భుజం వదినది. ఆవిడ చేతిలోంచి కొంగ వెళ్తుంటే, చూసేవాళ్ళు మోటారు వేశారా లేదా అని అడిగేవాళ్ళు.

ఎగరేయాలని ఆవిడకు ఎన్నడూ అనిపించలేదా అంటే, అనిపించింది. మొదటి సంవత్సరమే అడిగింది. మేస్త్రి రిమోటు ఇచ్చాడు. కొంగ అప్పుడే ముక్కుతూ మూలుగుతూ చెట్ల ఎత్తుకు చేరింది. ఈవిడ ఎడమకు తిప్పబోయి ఎక్కువ తిప్పింది. సర్దుకోవడానికి ఎత్తు ఏదీ? రెక్క మీద పడి రెండు ముక్కలైంది. మేస్త్రి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మాట్లాడకుండా కూర్చుని రెక్క అతికించాడు. అది ఆరాక ఆవిడ అడిగింది, మళ్ళీ ఒకసారి ఇస్తారా అని. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. ఆవిడా మళ్ళీ అడగలేదు. విసరడం ఆవిడది, ఎగరేయడం ఆయనది అనుకున్నారు. అలా ఏళ్ళు గడిచాయి, ఆదివారం అంటే వాళ్ళిద్దరికీ అదే అయింది. పిల్లలు లేరు. మిగతా వారమంతా ఆయన లిఫ్టులు ఆయనవి, ఈవిడ కర్టెన్లు ఈవిడవి. ఆ ఒక్క పూట ఇద్దరూ కలిసి ఒక పని చేసేవాళ్ళు.

ఈ ఏడు ఆవిడ కుడిభుజం పట్టేసింది. మొదట నొప్పి, తర్వాత బిగుసుకుపోవడం. చెయ్యి చెవిదాకా కూడా లేవడం లేదు. డాక్టరు మందులిచ్చాడు, వ్యాయామాలు చెప్పాడు, నెమ్మదిగా తగ్గుతుందన్నాడు. ఆవిడ మేస్త్రికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే మైదానానికి రావద్దంటాడని. ఎడమచేత్తో కొక్కేలు తగిలించుకుంది, ఎడమచేత్తో దువ్వుకుంది, ఎవరికీ తెలియదనుకుంది.

కొంగ బయటపెట్టేసింది. ఒక ఆదివారం ఎప్పటిలాగే పరిగెత్తి విసరబోతే, చెయ్యి సగంలోనే ఆగింది. కొంగ ముక్కు కిందికి వంగి, పది గజాల దూరంలో నేలకు గుద్దుకుంది. మోటారు ఇరుసు వంగిపోయింది. మేస్త్రి వెళ్ళి కొంగను ఎత్తుకొచ్చి, "గాలి తిరిగింది" అన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు.

ఆ మరుసటి వారమే మేస్త్రి కొత్త మోటారు కొన్నాడు. బ్రష్‌లెస్ మోటారు.

ఇదొక వింత. మైదానంలో అందరూ ఎప్పుడో ఆ మోటార్లకు మారిపోయారు. మేస్త్రి ఒక్కడే ససేమిరా అన్నాడు. జీవితమంతా లిఫ్టు మోటార్లకు కార్బన్ బ్రష్‌లు మార్చిన చేతులు, బ్రష్ లేని మోటారు కూడా ఒక మోటారేనా అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఎందుకు మారాడని అందరూ ఆశ్చర్యపోతుంటే, ఆ గుంపులో హుషారుగా ఉండే పళ్ళ డాక్టరు జవాబు తనే చెప్పాడు. "ఇంకేముంది మేస్త్రీ, ఇక విసిరే పనే లేదు. చేతిలోంచి అదే లాక్కుని పోతుంది. వదినకి రిటైర్మెంటే."

అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు చెడ్డవాడు కాదు, నోరే కాస్త పెద్దది, ఆయన వృత్తికి అది తగినదే. వదినకు ఆయన మీద కోపం రాలేదు. మేస్త్రి వైపు చూసింది. లేదు, ఆవిడ లేకపోతే ఎలా అని ఒక్క మాట అంటాడేమోనని. మేస్త్రి కూడా కొంచెం నవ్వి, సంచీ సర్దుకున్నాడు. ఆ నవ్వు ఆవిడకు మింగుడు పడలేదు. ఒక్కసారి తప్పు విసిరినందుకు, ఇన్నేళ్ళు విసిరినదంతా నీళ్ళలో పోసినట్టేనా అనుకుంది. అడిగేస్తే పోయేది. కాని అడిగితే భుజం సంగతి చెప్పాలి. చెబితే, అందుకే అంటున్నా ఇంట్లో ఉండు అంటాడు. కక్కలేక మింగలేక ఊరుకుంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ వారమంతా ఇస్త్రీపెట్టెను గుడ్డల మీద దబదబా మోదింది.

మేస్త్రి సాయంత్రాలు కొట్టు బల్ల మీదే పని పెట్టుకున్నాడు, వెలుతురు బాగుంటుందని. పాత మోటారును విప్పి పక్కన పెట్టాడు. కొత్తది దాని పక్కన నిమ్మకాయంత ఉంది. దాన్నుంచి మూడు వైర్లు బయటికి వచ్చాయి. మూడు వైర్లు చూడగానే ఆయన ముఖం వికసించింది. లిఫ్టు మోటార్లకూ మూడే. "ఇది మన లిఫ్టు మోటారుకి తమ్ముడే" అన్నాడు తనలో తాను. ముక్కులో కొత్త ప్లైవుడ్ బిళ్ళ అతికించి మోటారు బిగించాడు. స్పీడ్ కంట్రోలరు కలిపి తిప్పి చూస్తే, ప్రొపెల్లరు గాలిని వెనక్కి కాకుండా ముందుకు ఊదింది. ఇంకెవరైనా అయితే తల పట్టుకునేవారు. ఈయన మూడు వైర్లలో రెండింటిని అటూ ఇటూ మార్చి తగిలించాడు, అది బుద్ధిగా సరైన వైపు తిరిగింది. ఎన్ని లిఫ్టులు పైకి పొమ్మంటే కిందికి పోయినప్పుడు ఆయన అలా సరిచేయలేదు! వదినకు చూస్తుంటే ముచ్చటేసింది. ముచ్చటేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. కర్టెన్లు పక్కకు లాగి కట్టే నీలం నాడా చుట్ట నుంచి ఒక ముక్క మాయమైంది. ఇంకెవరు తీస్తారు? అడిగితే, బ్యాటరీ కట్టడానికి అన్నాడు మేస్త్రి. కొత్త బ్యాటరీ సబ్బుబిళ్ళంత ఉంది, దానికి అంత పొడుగు నాడా ఎందుకని నిలదీసింది. ఆయన ఏదో గొణిగి, స్క్రూ డ్రైవర్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. అది ఆయన చేతిలోనే ఉంది. పైగా దొంగతనం కూడానా అని వదిన లోపల ఉడికిపోయింది.

మోటారు తేలికైంది, బ్యాటరీ తేలికైంది. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి చూస్తే, ఈసారి కొంగ తోక మీద కూలబడింది. మేస్త్రి ఏం చేశాడో చెప్పాలా? ముందు భాగంలో సీసం పెట్టాడు. మోటారు పక్కన చోటు లేక వెనక్కి, రెక్క దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. అక్కడ పెడితే తక్కెడలో కాడ మధ్యన బరువు వేలాడదీసినట్టే, కొంచెంతో ముల్లు కదలదు. ఇంకొంచెం పెట్టాడు. ఇంకొంచెం. చివరికి కొంగ ఎటూ వాలకుండా నిలబడింది. ఆయన తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు.

ఆదివారం వచ్చింది. వదిన వెళ్ళింది, మానేస్తే ఓడిపోయినట్టని. మేస్త్రి ఒక చేత్తో రిమోటు, ఇంకో చేత్తో కొంగను పట్టుకుని, నిలబడ్డచోటి నుంచే వదిలాడు. కొంగ సర్రున పైకి లేచింది. ఇన్నేళ్ళలో అది అలా లేవడం ఎవరూ చూడలేదు. చెట్లు దాటింది, కరెంటు స్తంభాలు దాటింది, తల వెనక్కి వాలిస్తే గాని కనిపించనంత ఎత్తుకు పోయింది. మైదానం అంతా ఓహో అంది. వదిన సంచీ పక్కన నీళ్ళసీసా పట్టుకుని నిలబడింది. కుడిచెయ్యి ఏం చేయాలో తెలియక పమిట అంచు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఎండ అని తుడుచుకుంది.

మోటారు ఆపాక మాత్రం సంగతి తేలిపోయింది. ప్రొపెల్లరు రెక్కలు వెనక్కి ముడుచుకోవాల్సింది పోయి తిరుగుతూనే ఉన్నాయి. కంట్రోలరులో ప్రొపెల్లరును ఆపే బ్రేకు పెట్టుకోలేదా అని పళ్ళ డాక్టరు అడిగి, కొంగ దిగాక తనే సరిచేసి పెట్టాడు. రెండోసారి ప్రొపెల్లరు ముడుచుకుంది. అయినా కొంగ గాల్లో తేలలేదు. బద్ధకంగా తిరిగింది, ముక్కు ఒకసారి వంగితే వంగుతూనే పోయింది. మేస్త్రి చెయ్యి కాబట్టి ఆపుకోగలిగాడు. డాక్టరు థర్మాకోల్ విమానం పైన తిరుగుతుండగానే కొంగ నేల మీదకు వచ్చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మేస్త్రి ముఖంలో వదిన అంతకు ముందెన్నడూ చూడని దిగులు కనిపించింది. ఇంత చిన్నదానికి అంత దిగులేమిటా అనుకుంది.

కొంగను తేవడానికి వెళ్ళింది. అది ఎప్పుడూ ఆవిడ పనే, ఎవరూ చెప్పనక్కర్లేదు. గడ్డిలోంచి ఎడమచేత్తో ఎత్తి, అలవాటు కొద్దీ కుడిచేత్తో పొట్ట కింద పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. తెచ్చి మేస్త్రి ముందు పెట్టి, ఇది తేలికవలేదు, పాత బరువే ఉంది, ఇంకా కొంచెం ఎక్కువే ఉంది అని చెప్పింది. మోటారు సగం బరువు, బ్యాటరీ సగం బరువు, ఎలా ఎక్కుతుందని ఆయన. నా చేతికి తెలుసు అని ఈవిడ. పళ్ళ డాక్టరు నవ్వబోయి, వదిన ముఖం చూసి మానుకున్నాడు.

ఇంటికి రాగానే వంటింటి త్రాసులో పెట్టారు. ఆవిడ చెప్పిందే నిజమైంది. మేస్త్రి త్రాసును కొట్టి చూశాడు, కొంగను తీసి మళ్ళీ పెట్టాడు. ముల్లు అక్కడే నిలబడింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని, ముందు పెట్టిన సీసం తీసి, తోక వాలితే మళ్ళీ పెట్టి, తీసి, అలా తిప్పలు పడుతుంటే వదిన చూస్తూ నిలబడింది. తోక ఎందుకు వాలుతోంది? తోకలో ఏముందని? సన్నటి చెక్క, దాని మీద ఫిల్ము. ఆ ఫిల్ము తనే అతికించింది. అతికించేటప్పుడు దాని కింద ...

"ఏమండీ," అంది, "తోకలో మీ సీసం ఉంది కదా?"

మేస్త్రి తల ఎత్తి చూశాడు. వదిన కొట్లోంచి బ్లేడు తెచ్చి, తోక అడుగున ఫిల్మును సన్నగా కోసింది. ఏళ్ళ నాటి సీసం ముక్క నల్లబడి బల్ల మీద పడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వెనక బరువు అలాగే ఉంచి దానికి సరిపడా ముందు బరువు మోయించాడు ఈ మహామేధావి. ఆయన తప్పేమీ లేదులెండి. లిఫ్టు మేస్త్రులు దిమ్మలు పెడతారు గాని తీయరు. ఆ దిమ్మలు భవనం కూలేదాకా అక్కడే ఉంటాయి. తీయడం అన్న ఆలోచన ఆయన బుర్రలో పుట్టే చోటే లేదు.

ముందరి సీసం తీసేశారు. బ్యాటరీని వేలెడు ముందుకు జరిపితే కొంగ వేళ్ళ మీద సమంగా నిలబడింది. వదిన దాన్ని అరచేతిలో ఎత్తి చూసింది. పక్షి అంటే ఇదీ అనిపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆవిడకు దుఃఖం పొంగింది. ఇక దాచుకోలేకపోయింది.

"తోక బరువు తీసేశారు, ముక్కు బరువు తీసేశారు. ఇక నేనొక్కదాన్ని మిగిలాను. వచ్చే ఆదివారం నేను రానండీ. మీరే విసురుకుంటారు, మీరే ఎగరేసుకుంటారు, నాతో ఏం పని?"

మేస్త్రి చేతిలోని సీసం ముక్కను బల్ల మీద పెట్టాడు. మాటలు అలవాటు లేని మనిషి. చివరికి, "నువ్వు రాకపోతే కొంగ ఎగరదు" అన్నాడు. అంతే. ఇవన్నీ తీపి కబుర్లు అనుకుంది ఆవిడ. ఆయన తీపి కబుర్లు చెప్పే రకం కాదని కాసేపయ్యాక గుర్తొచ్చింది.

ఆదివారం వెళ్ళింది. వెళ్ళాలని కాదట, బరువు తీసేసిన కొంగ ఎలా ఎగురుతుందో చూడ్డానికట. సరే, అలాగే అనుకుందాం.

మైదానంలో అందరూ వచ్చేశారు. సన్నగా గాలి వీస్తోంది. మేస్త్రి కొంగ రెక్కలు బిగించి గడ్డి మీద పెట్టి, సంచీలోంచి రిమోటు తీశాడు. దానికి నీలం నాడా వేలాడుతోంది. రెండు చివరలూ మడిచి, వంకరటింకరగా, చేత్తో కుట్టి ఉన్నాయి. కుట్టు చూడగానే కర్టెన్ల మనిషికి ప్రాణం విసుగెత్తింది, ఆ తర్వాతే అర్థమైంది అది తన నాడా అని. మేస్త్రి ఎప్పుడూ రిమోటును చేత్తోనే పట్టుకుంటాడు, మెడకు వేసుకోడు. ఆయన కాలివేళ్ళ మీద లేచి, దాన్ని ఆవిడ మెడలో వేశాడు. రిమోటు సరిగ్గా ఆవిడ నడుము దగ్గర ఆగింది. అదే ఆయన వేసుకుంటే తొడల దాకా జారేది.

"నువ్వు కొట్లో కట్టుకునే ఏప్రన్ నాడాతో కొలిచాను," అన్నాడు. "ఇలా అయితే చేతులు ఎత్తక్కర్లేదు."

భుజం సంగతి మీకెప్పుడు తెలుసని వదిన అడిగింది. ఎడమచేత్తో దువ్వుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి అని చెప్పాడు ఆయన, చెప్పులతో గడ్డి గీకుతూ. తర్వాత, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఒకేసారి అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడాడు.

"అప్పుడు నీకిచ్చినప్పుడు తప్పు నీది కాదు. పాత మోటారుతో అది చెట్లెత్తుకి పోడానికే గగనమయ్యేది. ఎత్తు లేకుండా నీ చేతికిచ్చాను. ఎత్తుంటే, చెయ్యి తప్పినా దిద్దుకోవచ్చు. అందుకే ఈ మోటారు. ఎప్పుడో కొనాల్సింది."

ఆవిడ ఏడ్చింది. ఎండ అని చెప్పలేదు ఈసారి. పళ్ళ డాక్టరు గబగబా తన విమానం ప్రొపెల్లరు ఊడదీసి మళ్ళీ బిగించుకోవడం మొదలుపెట్టాడు, దానికేమీ కాకపోయినా.

"నాకు తోచకపోతే?" అంది కొంగు ముఖం మీంచి తీసి. రిమోటు మీది కర్ర వదిలెయ్, కొంగ దానంతటదే తేలుతుంది, ఇప్పుడది తేలిక కదా అన్నాడు మేస్త్రి. అని కొంగను ఎత్తి, గాలికి ఎదురుగా నిలబడ్డాడు.

ఆయన పట్టుకున్న తీరు చూసి వదినకు ఏడుపు ఆగిపోయింది. చెయ్యి మరీ వెనక్కి పెట్టాడు, ముక్కు ఆకాశంలోకి ఎత్తాడు. ఒక్కడే విసురుకున్నప్పుడు మోటారు బలం మీద నడిచిపోయింది గాని ఆయనకు విసరడం ఎక్కడ వచ్చు? పొట్ట దగ్గర పట్టుకోమని చెప్పింది. ముక్కు దించమంది. మణికట్టు కుదపొద్దంది. మేస్త్రి చెప్పినట్టల్లా చేశాడు. ఆవిడ బొటనవేలితో మోటారు కర్రను పైకి నెట్టింది. కొంగ కూత పెట్టింది. మేస్త్రి పొట్టి కాళ్ళతో నాలుగడుగులు పరిగెత్తి వదిలాడు.

చివర్లో మణికట్టు కుదిపాడు, కుదపకుండా ఉంటాడా. కొంగ ఒక పక్కకు ఒరిగింది. ఆవిడ బొటనవేలు అప్పటికే కదిలింది. ఇన్నేళ్ళూ ఆ పక్షి చేతిలోంచి ఎలా వెళ్తుందో, ఏ కుదుపుకు ఎటు ఒరుగుతుందో ఆవిడ కంటే ఎవరికి తెలుసు? కొంగ సర్దుకుని తిన్నగా పైకి లేచింది. చెట్లు దాటింది. స్తంభాలు దాటింది. అప్పుడు ఆవిడ మోటారు ఆపింది. ప్రొపెల్లరు రెక్కలు ముడుచుకున్నాయి. చప్పుడంతా ఆగిపోయింది.

ఎడమకు తిప్పింది, భయంభయంగా. ఎక్కువే తిప్పింది. ముక్కు వంగింది. కర్ర వదిలేసింది. కింద ఇంకా బోలెడంత గాలి ఉంది. కొంగ కొంచెం దిగి, తనంతట తను లేచి, రెక్కలు చాపుకుని మైదానం మీదుగా నెమ్మదిగా తిరగసాగింది. మళ్ళీ ఎడమకు తిప్పింది. ఈసారి సరిపడా తిప్పింది. ఆవిడ నోటి వెంట నవ్వు వచ్చింది, పెద్దగా, అందరికీ వినపడేలా. ఇంత సంతోషం తనకు ఎప్పుడు కలిగిందో ఆవిడకు గుర్తు రాలేదు. డాక్టరు విమానం ముందే దిగిపోయింది. కొంగ ఇంకా పైనే ఉంది.

చివరికి మైదానం అవతలి అంచున, గడ్డి ఎత్తుగా ఉన్నచోట దిగింది. ఎవరూ కదల్లేదు. అలవాటు కొద్దీ అందరూ వదిన వైపు చూశారు, తెచ్చేది ఆవిడే కదా. వదిన మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి పంచె ఎగ్గట్టుకుని గడ్డిలోకి నడిచాడు. దారి పొడుగునా పల్లేరుకాయలు. తిరిగి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

వదినకి రిటైర్మెంట్ కదా, మరి రిమోటు ఆవిడ మెడలో ఏం చేస్తోందని ఎవరో డాక్టరును అడిగారు. నేను అన్నది మేస్త్రి గురించి అన్నాడు ఆయన. నోరు అలాంటిది మరి.

మేస్త్రి కొంగను పొట్ట దగ్గర పట్టుకుని, రెండో చెయ్యి చాపాడు. "ఒక్కసారి నాకివ్వు."

వదిన నీలం నాడాను మెడలో సర్దుకుంది.

"చూద్దాం లెండి," అంది. "ముందు విసరండి. ఈసారి మణికట్టు కుదపకండి."

మేస్త్రి కొంగ ముక్కు దించి, గాలికి ఎదురుగా తిరిగాడు.